దువ్వెన, గోమారి, కుక్కజ్వరం

కాకినాడలో సాయంకాలపు వేళ జగన్నాథపురం వైపు గాని, రామారావుపేట వైపు గాని నాలుగు వీధులు నడిచి చూడండి. ఏదో ఒక ఇంటి అరుగు మీద ఒక పిల్లవాడు కుక్కను ప్రక్కన పెట్టుకొని దాని చెవులు మడిచి చూస్తూ కనబడతాడు. కుక్క కళ్ళు సగం మూసుకొని, మెడ చాచి, కదలకుండా ఉంటుంది. పిల్లవాడు బొచ్చులోనుంచి ఏదో పట్టి లాగి అరుగు రాతి మీద నలుపుతాడు. ఒక ఎర్రని చుక్క మిగులుతుంది. ఇంట్లోనుంచి పెద్దవాళ్ళు “ఛీ, చేతులు కడుక్కో!” అని కేకవేస్తారు.

ఈ చిన్న దృశ్యంలో ఆ పిల్లవాడు చేసినది ఒక మంచిపని, ఒక పొరపాటు. గోమారిని తీయటం మంచిపని. దానిని నలపటం పొరపాటు. ఎందుకు మంచిదో, ఎందుకు పొరపాటో తెలుసుకోవటానికి శాస్త్రజ్ఞులకు రెండు వందల యేండ్లకు పైగా పట్టినది. ఆ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన పాత మదరాసు రాజధానిలోనే జరిగినది. మరొక అధ్యాయంలో గోదావరి డెల్టాలో పుట్టిన ఒక మహనీయుని చేయి ఉన్నది.

బొచ్చు అంటే ఏమిటి?

బొచ్చు కుక్కకు అలంకారం మాత్రమే కాదు. అది దాని చొక్కా, గొడుగు, దుప్పటి కూడా. మన తలమీద సాధారణంగా ఒక్కొక్క వెంట్రుక విడిగా మొలుస్తుంది. కుక్క చర్మంలో ఒకే రంధ్రంనుంచి ఒక ముతక వెంట్రుక, దాని చుట్టూ కొన్ని మెత్తని సన్న వెంట్రుకలు గుంపుగా వస్తాయి. ముతకవి వానను, ఎండను ఆపుతాయి. మెత్తనివి గాలిని పట్టి ఉంచి వేడిని కాపాడతాయి. ప్రతి వెంట్రుకా కొంతకాలం పెరిగి, కొంతకాలం ఊరక ఉండి, తరువాత రాలిపోతుంది. రాలిన వెంట్రుక బొచ్చులోనే చిక్కుకొని ఉంటే ముడులు పడతాయి. ముడి క్రింద చెమ్మ నిలుస్తుంది. చెమ్మ నిలిచినచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. సముద్రపు గాలిలో తడి ఎప్పుడూ ఉండే కాకినాడ వంటి ఊళ్ళలో ఈ బాధ మరింత ఎక్కువ.

బొచ్చు క్రింది చర్మం మన చర్మంకంటె సున్నితమైనది. మన చర్మపు పై పొరలో పది పదిహేను వరుసల కణాలు ఉంటే, కుక్కకు మూడు నుంచి ఐదు వరుసలు మాత్రమే ఉంటాయి. మన చర్మం కొంచెం ఆమ్లగుణం కలది. కుక్క చర్మం దాదాపు తటస్థమైనది. కనుక మన ఒంటికి పనికివచ్చే సబ్బు దాని ఒంటికి పనికిరాకపోవచ్చును. మృదువుగా దువ్వవలెను అని చెప్పటానికి జాలి ఒక్కటే కారణం కాదు. శరీర నిర్మాణం కూడా కారణమే.

కుక్క తినే మాంసకృత్తులలో ఇంచుమించు పాతిక నుంచి ముప్పై శాతం వరకు చర్మానికీ, బొచ్చుకూ ఖర్చవుతుందని ఒక అంచనా. ఉత్త గంజీ, మిగిలిన అన్నమూ తిని బ్రతికే కుక్క బొచ్చు వెలవెలపోవటానికి ఇదొక కారణం. దువ్వెనకు ముందు దానికి సరియైన తిండి కావలెను.

పల్లెటూరి స్త్రీలు చూపిన పురుగు

చాలాకాలం వరకు గజ్జి రక్తదోషంవల్ల పుడుతుందని వైద్యులు నమ్మినారు. 1687వ సంవత్సరంలో ఇటలీలోని లివోర్నో రేవుపట్నంలో బొనోమో అనే వైద్యుడూ, చెస్టోనీ అనే మందుల వర్తకుడూ కలసి ఒక సంగతి గమనించినారు. గజ్జి పట్టిన పిల్లల చర్మంలోనుంచి తల్లులు సూదిమొనతో ఏదో సన్నని దానిని తీసి గోటి మీద నలుపుతున్నారు. దానిని సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూస్తే, తాబేలు ఆకారంలో ఒక పురుగు కదులుతూ కనిపించినది. ఆ పురుగే గజ్జికి కారణమని వారు ప్రకటించినారు. ఒక రోగానికి కంటికి ఆనని ఒక జీవి కారణమని ఇంత స్పష్టంగా చూపటం అది దాదాపు మొదటిసారి.

లోకం వారి మాట వెంటనే నమ్మలేదు. సుమారు నూట యాభై యేండ్ల తరువాత, 1834లో, రెనూచీ అనే కార్సికా ద్వీపపు విద్యార్థి పారిస్ వైద్యశాలలో పెద్ద వైద్యుల ఎదుట సూదితో ఆ పురుగును తీసి చూపించినాడు. ఈ విద్య ఎక్కడ నేర్చినావు అంటే, మా ద్వీపంలో పల్లెటూరి ఆడవాళ్ళ దగ్గర అన్నాడట. పిల్లల తలలో పేలు చూసే మన అమ్మమ్మల వ్రేళ్ళకూ, సూక్ష్మదర్శిని పట్టిన శాస్త్రజ్ఞుని వ్రేళ్ళకూ మధ్య దూరం మనం అనుకొన్నంత ఎక్కువ కాదు.

కుక్కలకు వచ్చే గజ్జి పురుగు కూడా ఆ వంశానిదే. అది మిల్లీమీటరులో మూడవ వంతు ఉంటుంది. చర్మంలో సొరంగం త్రవ్వి గ్రుడ్లు పెడుతుంది. ఒక కుక్కనుంచి మరొక కుక్కకు తేలికగా అంటుతుంది. మనుష్యులకు కూడా కొన్నాళ్ళు దురద పుట్టించగలదు. ఇది గాక డెమొడెక్స్ అనే మరొక పురుగు ఉన్నది. పొడుగుగా, చుట్ట ఆకారంలో ఉండి, వెంట్రుక మొదటిలోనే కాపురముంటుంది. 1841–42 సంవత్సరాలలో జర్మనీ శాస్త్రజ్ఞులు మనిషి చర్మంలో దీనిని కనుక్కొన్నారు. మరుసటి యేడే కుక్కలో కూడా కనిపించినది. కుక్కలలో ఇది పుట్టిన మొదటి రోజులలో పాలు త్రాగే కూనకు తల్లినుంచి వస్తుంది. పెద్ద కుక్కలకు ఒకదానినుంచి మరొకదానికి సాధారణంగా అంటదు. ఈ భేదం తెలియక, కళ్ళచుట్టూ నాలుగు వెంట్రుకలు రాలిన కుక్కపిల్లనల్లా “గజ్జికుక్క” అని వీధిలోకి తరిమివేసే ఇళ్ళు ఎన్నో ఉన్నవి. చర్మాన్ని కొద్దిగా గీరి సూక్ష్మదర్శినిలో చూస్తే చాలును, ఏది ఏదో పశువైద్యుడు చెప్పగలడు.

సికిందరాబాదు దోమ, గిండీ గోమారి

గజ్జి పురుగు తానే రోగం. గోమారి సంగతి వేరు. అది రోగాన్ని మోసుకొని వస్తుంది. ఈ భావం మొదట పశువులనుంచి వచ్చినది. అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు 1893లో ఒక గ్రంథం ప్రకటించి, టెక్సాస్ జ్వరమనే పశురోగాన్ని గోమార్లే వ్యాపింపజేస్తున్నవని రుజువు చేసినారు. నాలుగేండ్ల తరువాత, 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూచినాడు. 1901లో దక్షిణాఫ్రికాలో లౌన్స్‌బరీ అనే కీటక శాస్త్రజ్ఞుడు కుక్కల పచ్చజ్వరం గోమారి కాటువల్లనే వస్తుందని చూపినాడు.

ఇక మదరాసు సంగతి. ఆ రోజులలో కాకినాడ మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణం. మదరాసు దగ్గర గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనశాల కొత్తగా వెలసినది. దాని అధిపతి క్రిస్టొఫర్స్ అనే సైనిక వైద్యుడు. మలేరియా పరిశోధనలో పేరుపొందినవాడు. రాస్ దోమను కోసి చూచినట్లే ఈయన కుక్కల గోమారిని కోసి చూచినాడు. 1906లో గోమారి అంగనిర్మాణాన్ని గూర్చి ఒక గ్రంథం, 1907లో మరి రెండు గ్రంథాలు ప్రకటించినాడు. ఈ రెంటిలో మొదటిది కుక్క ఎర్రరక్తకణాలలో పెరిగే పిరోప్లాస్మా అనే జీవి గోమారిలో ఏవిధంగా మారుతుందో చెప్పినది. రెండవది తెల్లరక్తకణాలలో కనబడే మరొక జీవి గోమారిలో గడిపే జీవితాన్ని వర్ణించినది. ఈ రెండవ జీవిని 1905లో మన దేశంలోనే జేమ్స్ అనే వైద్యుడు కుక్కల రక్తంలో గుర్తించి వర్ణించియున్నాడు. నేడు దానిని హెపటోజూన్ అంటారు.

కథ అంతటితో ఆగలేదు. మదరాసులోని దొరలు గుర్రాలెక్కి నక్కలను వేటాడటానికి ఒక వేటకుక్కల మందను పెంచేవారు. 1910లో పాటన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ కుక్కల రక్తంలో అంతవరకు ఎవరూ వర్ణించని ఒక చిన్న పరాన్నజీవిని చూచినాడు. తరువాత నక్కల రక్తంలో వెదికితే అక్కడా అదే కనిపించినది. వేటాడే జంతువుకూ, వేటకు గురియైన జంతువుకూ రోగం ఒకటే. ఆ జీవికి గిబ్సోనై అని పేరు పెట్టినాడు. నేడు ఆసియా అంతటా, అమెరికా, ఆస్ట్రేలియాలలో కూడా కుక్కలను బాధిస్తున్న బెబీసియా గిబ్సోనై మొదట శాస్త్రానికి తెలిసినది మన మదరాసులోనే.

ఈ పరాన్నజీవులు ఎర్రకణాలను పగులగొడతాయి. కుక్కకు జ్వరం వస్తుంది, చిగుళ్ళు తెల్లబడతాయి, తిండి మానివేస్తుంది, కొన్నిటికి మూత్రం ముదురు రంగులో వస్తుంది. సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చును.

ఆముదపు గింజ చెప్పే కథ

మన ఇళ్ళలో కుక్కలను పట్టే గోధుమరంగు గోమారిని శాస్త్రంలో రైపిసెఫలస్ సాంగ్వినియస్ అంటారు. కొన్ని తావులలో గోమారిని పిడుదు అని కూడా పిలుస్తారు. రక్తం త్రాగి ఉబ్బిన ఆడ గోమారిని చూస్తే మీకు ఆముదపు గింజ గుర్తుకు రావలెను. ఆ పోలికవల్లనే ఆముదపు మొక్కకు శాస్త్రంలో రిసినస్ అనే పేరు వచ్చినది. లాటిన్ భాషలో ఆ మాటకు అర్థం గోమారి అనే!

దీని జీవితంలో నాలుగు దశలు ఉన్నవి: గ్రుడ్డు, ఆరుకాళ్ళ పిల్ల, ఎనిమిది కాళ్ళ పడుచు, ఎనిమిది కాళ్ళ పెద్దది. పిల్ల ఒకసారి కుక్క నెక్కి రక్తం త్రాగి దిగిపోతుంది. గోడ బీటలో దాగి పొర విడుస్తుంది. తిరిగి ఎక్కి, త్రాగి, దిగి, మరల పొర విడుస్తుంది. మూడవసారి ఎక్కిన ఆడది సుమారు వారం రోజులు త్రాగి, దిగి, ఏ పగులులోనో మూడు నాలుగు వేల వరకు గ్రుడ్లు పెట్టి చనిపోతుంది. వెచ్చని మన వాతావరణంలో ఈ చక్రమంతా రెండు మూడు నెలలలో పూర్తి కాగలదు. కుక్క ఒంటిమీద కనబడేవి కొన్నే. ఎక్కువ భాగం గోడ నెరియలలో, పాక నిట్టాడి మూలలో, గోనెపట్టా మడతలలో దాగి ఉంటవి. కుక్కను మాత్రమే శుభ్రపరచి దాని పడకను వదిలివేసిన ఇంట్లో వారం తిరగకుండానే గోమార్లు మరల కనబడటానికి కారణం ఇదే.

ఇక్కడ దువ్వెన విలువ తెలుస్తుంది. గోమారి కరచిన వెంటనే బెబీసియా కుక్కలోనికి పోదు. గోమారి రక్తం త్రాగటం మొదలుపెట్టిన తరువాతనే దాని లాలాజల గ్రంథులలో ఈ జీవి పక్వానికి వస్తుంది. అందుకు సుమారు రెండు రోజులు పడుతుంది. ప్రతిరోజూ బొచ్చు దువ్వి, గోమారిని ఆ గడువులోగా తీసివేసినవాడు రోగానికి తలుపు మూసినవాడే. హెపటోజూన్ సంగతి మరీ విచిత్రం. అది కాటువల్ల రాదు. కుక్క తన ఒంటిమీది గోమారిని కొరికి మ్రింగితే వస్తుంది. కుక్క తన పండ్లతో తీయకముందే మనం మన చేతితో తీయవలెను.

అల్జీరియా నుంచి భీమవరం దాకా

1935లో ఉత్తరాఫ్రికాలోని అల్జీరియాలో డొనాటియెన్, లెస్తొకార్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గోమార్లు పట్టిన కుక్కలలో మరొక జ్వరాన్ని గుర్తించినారు. దీనికి కారణం ఎర్లీకియా అనే అతి సూక్ష్మజీవి. 1960 దశకం చివర వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల కుక్కలెన్నో ముక్కునుంచి రక్తం కారి చనిపోయినవి. ఆ వ్యాధి ఇదేనని తరువాత తేలినది. ఇది గోమారి కరచిన కొద్ది గంటలలోనే సోకగలదు. కనుక దువ్వెన ఒక్కటే దీనిని పూర్తిగా ఆపలేదని కూడా నిజాయితీగా ఒప్పుకోవలెను.

దీనికి మందు ఎక్కడినుంచి వచ్చినది? 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకొని, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు విద్యార్థులకు తెలిసినదే. ఆయన లెడర్లీ పరిశోధనశాలలకు సంచాలకులుగా ఉన్నప్పుడు, అక్కడ పనిచేసే డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుంచి బంగారురంగు మందును తీసినాడు. దానిని ఆరియోమైసిన్ అనే పేరుతో 1948లో లోకానికి ప్రకటించినారు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసినారు. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఆ కుటుంబంలో తరువాత పుట్టిన డాక్సీసైక్లిన్‌నే నేడు పశువైద్యులు ఎర్లీకియా జ్వరానికి ఇస్తారు. సుబ్బారావుగారి బృందమే 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అనే మందును తెచ్చినది. బోదకాలుతో ఎన్నో తరాలు బాధపడిన గోదావరి డెల్టాకు ఆ మందు విలువ వేరే చెప్పనక్కరలేదు. అదే మందు చాలాకాలం కుక్కల గుండెపురుగు రాకుండా వాడబడినది.

మందులూ, మొరటు మందులూ

గంధకం చర్మరోగాలకు అతి పురాతనమైన మందు. సున్నం, గంధకం కలిపి కాచిన నీటిని పశువైద్యులు నేటికీ కొన్ని గజ్జి జాతులకు వాడుతున్నారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత డి.డి.టి., బి.హెచ్.సి. పొడులు వచ్చినవి. అవి పురుగులను చంపినవి గాని, నేలలోనూ, పాలలోనూ, మన శరీరపు కొవ్వులోనూ నిలిచిపోయినవి. బి.హెచ్.సి.ని మన దేశంలో 1997లో నిషేధించినారు. జపాను మట్టిలో ఓమురా కనుగొన్న సూక్ష్మజీవినుంచి కాంప్‌బెల్ బృందం తీసిన ఐవర్‌మెక్టిన్ గజ్జి చికిత్సను మార్చివేసినది. వారిద్దరికీ 2015లో నోబెల్ బహుమానం లభించినది. అయితే కోలీ వంటి కొన్ని జాతుల కుక్కలకు ఆ మందే విషం కావచ్చును. 2013 నుంచి గోమార్లను చంపే మ్రింగుడు మాత్రలు కూడా వచ్చినవి. వీటిలో ఏది, ఎంత అన్నది కుక్క బరువును, వయస్సును చూచి పశువైద్యుడే చెప్పవలెను.

ఇక మొరటు మందులు. కిరసనాయిలు, వాడివేసిన ఇంజను నూనె, పొలానికి కొట్టే పురుగుమందు, ఇవి కుక్క ఒంటికి పూసే అలవాటు మన ప్రాంతంలో ఇంకా ఉన్నది. నూనె చర్మాన్ని కాలుస్తుంది. కుక్క దానిని నాకి కడుపులోనికి పంపుకొంటుంది. పురుగుకంటె ముందు కుక్క చనిపోయిన సందర్భాలు ఉన్నవి. కుక్కకు పోసే కొన్ని గోమారి మందులలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకమన్న సంగతి కూడా గుర్తుంచుకోవలెను.

ఏ విధంగా దువ్వవలెను?

పొట్టి బొచ్చు గల మన నాటు కుక్కకు రబ్బరు బ్రష్షు గాని, ముతక తుండుగుడ్డ గాని చాలును. పొడుగు బొచ్చు కుక్కకు ముందు దూరపు పండ్ల దువ్వెన, తరువాత దగ్గర పండ్ల దువ్వెన వాడవలెను. తలనుంచి తోకవైపుకు, బొచ్చు వాలిన దిక్కుననే దువ్వవలెను. ముడి తగిలితే లాగరాదు. ముడి మొదటిని ఒక చేతి వ్రేళ్ళతో పట్టుకొని, చర్మం గుంజుకొనకుండా, చివరినుంచి కొద్దికొద్దిగా విడదీయవలెను. మొదటిరోజు రెండు నిమిషాలు చాలును. కుక్కకు నొప్పి కలిగితే మరునాడు అది దువ్వెన చూచి పారిపోతుంది.

దువ్విన తరువాత చెవుల లోపల, మెడ చుట్టూ, చంకలలో, కాలివ్రేళ్ళ నడుమ చేతితో తడిమి చూడవలెను. గోమారి కనబడితే సన్నని శ్రావణంతో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగవలెను. నిప్పు పెట్టరాదు, నూనె పోయరాదు. తీసినదానిని స్పిరిటు సీసాలో వేయవలెను. నలిపితే దానిలోని రోగక్రిములు గోటి సందులలోనుంచి, చర్మపు గాట్లలోనుంచి మనకు సోకవచ్చును. ఈ గోమారి మనుష్యులకు కూడా ఒకరకపు జ్వరాన్ని అంటించగలదు. అరుగు మీది పిల్లవాని పొరపాటు ఇదే.

స్నానం మూడు నాలుగు వారాలకు ఒకసారి చాలును. కుక్కలకని చేసిన సబ్బునీరు మంచిది. కుంకుడురసం కళ్ళలో పడనీయరాదు. సముద్రపు ఒడ్డుకు తీసుకొని వెళ్ళిన కుక్కను ఇంటికి రాగానే మంచినీటితో కడిగి ఉప్పు, ఇసుక పోగొట్టవలెను. వానకాలంలో వ్రేళ్ళ నడుమ, చెవుల వెనుక పొడిగా తుడవవలెను. ఎండకాలమని బొచ్చును చర్మందాకా గొరిగించరాదు. ఎండనుంచి కాపాడేది కూడా ఆ బొచ్చే. పడక గుడ్డలను వారానికొకసారి ఎండలో వేసి, గోడ బీటలు పూడ్చి సున్నం వేయించవలెను.

పాఠశాలలో ఒక ప్రయోగం

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతిలో తేలికగా చూపవచ్చును. స్పిరిటు సీసాలో వేసిన గోమార్లను భూతద్దంతో చూచి కాళ్ళు లెక్కించమనండి. ఆరు ఉంటే పిల్ల, ఎనిమిది ఉంటే పడుచు గాని, పెద్దది గాని. కీటకాలకు ఆరు కాళ్ళు గదా, మరి ఇది కీటకమా, సాలెపురుగు బంధువా అని అడగండి. దువ్వెనకు వచ్చిన ఒక వెంట్రుకను నీటిచుక్కలో పెట్టి సూక్ష్మదర్శినిలో చూపండి. పైన పెంకులు పేర్చినట్లు పొలుసులు, మధ్యలో నల్లని దారివంటి గుజ్జు కనబడతవి.

మదరాసులో 1903లో పశువైద్య కళాశాల వెలసినది. 1955లో బాపట్లలో ఆరంభమైన ఆంధ్ర పశువైద్య కళాశాల తరువాత తిరుపతికి మారినది. ఈనాడు పశువైద్యుని సలహా పొందటం మన తాతలకాలంలో వలె దుర్లభం కాదు. అయినా ఏ వైద్యుడూ ప్రతిరోజూ మన అరుగు మీదికి రాలేడు. చిగుళ్ళు తెల్లబడకముందు, జ్వరం రాకముందు గోమారిని చూడగలిగేది దువ్వెన పట్టిన ఆ పిల్లవాడే. వాని చేతికి ఒక శ్రావణం, ఒక స్పిరిటు సీసా ఇస్తే, వాడు రోజూ చేస్తున్న పనే కుక్క ప్రాణాన్ని కాపాడే పని అవుతుంది.